పలకల మోత వినపడింది, పిలుపు వినపడలేదు

మా వైపు బిడ్డకు మాటలు ఆలస్యమైతే అందరి చూపూ నోటి మీదే పడుతుంది. వసకొమ్ము అరగదీసి తల్లిపాలలో రంగరించి నాలుకకు రాస్తారు. నాలుక కింద నరం అతుక్కుపోయిందేమోనని వేలు పెట్టి చూస్తారు. మేనమామకు ఎన్నో ఏట మాటలొచ్చాయి, తాతకు ఎన్నో ఏట వచ్చాయి అని వంశం లెక్కలన్నీ బయటికి తీస్తారు. ఆ బిడ్డకు చెవులు సరిగ్గా వినపడుతున్నాయా అని మాత్రం ఎవరికీ తోచదు.

నేను చిత్తూరు జిల్లా ఇరాల మండలంలో ఒక చిన్న పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. పసిబిడ్డల బరువులు తూచడం, టీకాల తేదీలు రాయడం, బాలింతలకు కోడిగుడ్లు పంచడం నా పని. ఇప్పుడు రాస్తున్నది మా చెల్లెలి కూతురి సంగతి. ఆ బిడ్డ దగ్గర నేర్చుకున్నది నాకు ఏ ట్రెయినింగులోనూ దొరకలేదు.

పాప 2009లో వినాయక చవితి వెళ్లిన నెలలో పుట్టింది. కాన్పు సులువుగానే అయింది. బరువు బాగుంది, కామెర్లు లేవు, పుట్టగానే ఏడ్చింది. మూడో నెలకు ముఖం చూసి నవ్వడం, ఉంగా ఉంగా అంటూ ఊ కొట్టడం మొదలుపెట్టింది. చెల్లెలు వంగి మాట్లాడితే కాళ్లూ చేతులూ ఆడిస్తూ జవాబు చెప్పేది. ఇది చూసి అనుమానపడేవాళ్లు ఎవరుంటారు? పుట్టు చెవుడు ఉన్న బిడ్డ కూడా మొదటి నెలల్లో మిగతా పిల్లల్లాగే ఊ కొడుతుందని, ఆ ధ్వనులు చెవితో పని లేకుండా వాటంతట అవే వస్తాయని నాకు తర్వాత తెలిసింది. తేడా ఆరో నెల దాటాక బయటపడుతుంది. వినే బిడ్డ తన గొంతు తాను వింటూ బబబ, దదద, తతత అని గొలుసులు అల్లుకుంటూ పోతుంది. వినపడని బిడ్డకు ఆ గొలుసు ఆలస్యమవుతుంది, వచ్చినా పలచగా వస్తుంది.

మా పాప ఏడో నెలలో అలా నెమ్మదించింది. నా సెంటర్లో అదే ఈడు బిడ్డ ఇంకొకడు ఉండేవాడు. వాడు తల్లి ఒళ్లో ఉండి, వెనక గిన్నె చప్పుడైతే చాలు, తల తిప్పి వెతికేవాడు. మా పాప తల తిప్పేది కాదు. కానీ మహా చురుకు. తలుపు దగ్గర నీడ కదిలితే చూసేది. ఎవరైనా మంచం మీద కూర్చుంటే ఆ అదురుకు తిరిగేది. చప్పట్లు కొడితే గాలి తగిలి కళ్లు ఆర్పేది. ఇవన్నీ చూసి ఇంట్లోవాళ్లకు బిడ్డ వింటున్నట్టే అనిపించేది.

ఆ మే నెలలో మా ఊరి గంగమ్మ జాతర. పలక డప్పులు మోగుతున్నాయి, టపాకాయలు పేలుతున్నాయి. పాప ఉలిక్కిపడి చెల్లెలి మెడను కరుచుకుని ఏడ్చింది. మా అవ్వ ముఖం వెలిగిపోయింది. “చూస్తివా, నువ్వేమో అనుమానం అంటివి. పలకలకి ఎట్లా ఏడ్చిందో! బిడ్డకి చెవులు బాగుండాయి. మాటలు వాటంతట అవే వస్తాయి పో” అంది.

తర్వాత ఒక మంగళవారం అందరం కాణిపాకం పోయాం. వరసిద్ధి వినాయకుడి కథ మా వైపు చిన్న పిల్లలకు కూడా తెలుసు. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు ఎండిపోయిన బావిని ఇంకా లోతుగా తవ్వుతుంటే పార రాయికి తగిలి నెత్తురు వచ్చిందట. నెత్తురు కలిసిన ఆ బావి నీళ్లు తాకి ముగ్గురి లోపాలూ పోయాయట. ఆ బావిలో దొరికిన రాతివిగ్రహమే ఇప్పటి స్వామి. మాటలు రాని బిడ్డను ఎత్తుకుని అక్కడికి వచ్చే తల్లులను నేను ఎంతోమందిని చూశాను. ఆ రోజు అవ్వ మొక్కుకుంది. గుడిలో గంట కొట్టగానే పాప తల పైకెత్తి చూసింది. అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. “స్వామి వినిపించినాడు” అంది.

అవ్వ చూసింది అబద్ధం కాదు. గంట నిజంగానే వినపడింది. నన్ను కలవరపెట్టింది కూడా అదే.

ఇంటికి వచ్చాక చెల్లెలి ఒళ్లో పాపను కూర్చోబెట్టి, చేతికి ఒక గరిటె ఇచ్చి, నేను వెనక నిలబడ్డాను. నా నీడ ముందు పడకుండా, గాలి తగలకుండా, కాలి చప్పుడు నేలకు అదరకుండా చూసుకున్నాను. స్టీలు గ్లాసును చెంచాతో మెల్లిగా తట్టాను. కాగితం నలిపాను. మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచాను. పాప గరిటె నాకుతూ కూర్చుంది. గ్లాసును గట్టిగా కొట్టినప్పుడు మాత్రం ఆగి, అటూ ఇటూ చూసింది. చెల్లెలు నా ముఖం వంకే చూస్తోంది. “అక్కా, నువ్వు పిలిచినావా?” అని అడిగింది. పిలిచానన్నాను. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

పట్నంలో ఒక డాక్టరుకు చూపిస్తే, మూడేళ్లు వచ్చేదాకా ఆగమన్నాడు. కొందరికి ఆలస్యంగానే వస్తాయన్నాడు. ఆ మాటతో ఇంట్లో అందరికీ ప్రాణం కుదుటపడింది. నాకు కుదుటపడలేదు. చిత్తూరు వాళ్లకు పెద్ద జబ్బు ఏదైనా గుర్తొచ్చేది రాయవేలూరే. 1900లో ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ ఒకే ఒక మంచంతో మొదలుపెట్టిన సీఎంసీ ఆసుపత్రి మాకు తిరుపతి కంటే దగ్గర. కాట్పాడి మీదుగా బస్సు.

అక్కడ పాపకు రెండు పరీక్షలు చేశారు. మొదటిది నిమిషాల్లో అయిపోయింది. చెవి రంధ్రంలో మెత్తటి చిన్న మొన పెట్టి టిక్ టిక్ మని చప్పుడు పంపారు. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉన్న భాగంలో సన్నటి వెంట్రుక కణాలు ఉంటాయి. అవి బాగుంటే, వచ్చిన చప్పుడుకు బదులుగా అవి కూడా అతి సన్నని ధ్వనిని వెనక్కి పంపుతాయి. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. చెవి తాను విన్నానని తానే జవాబు చెప్పుకుంటుందన్నమాట. బిడ్డ పలకక్కర్లేదు, తల తిప్పక్కర్లేదు, పుట్టిన రెండో రోజునే చేయవచ్చు. పాప చెవులు రెండూ జవాబు ఇవ్వలేదు.

రెండోది బెరా. దానికి బిడ్డ నిద్రపోవాలి. తీపి మందు తాగించి, చీకటి గదిలో చెల్లెలు పాపను భుజాన వేసుకుని ఊపుతూ నిలబడింది. నిద్ర పట్టాక నుదుటి మీద, చెవుల వెనక చర్మాన్ని గరుకు పేస్టుతో రుద్ది వైర్లు అతికించారు. చెవిలోకి చప్పుడు పోతే మెదడు దాకా పోయే నరంలో పుట్టే విద్యుత్తు తెర మీద అలలుగా కనపడుతుంది. చప్పుడు పెద్దదిగా ఉన్నప్పుడు అల లేచింది. తగ్గిస్తూ పోయారు. అల చిన్నదై, చిన్నదై, ఒక చోట గీత సమంగా అయిపోయింది. ఆడియాలజిస్టు అరవంలో తన పక్కనున్నావిడతో ఏదో అంది. నాకు అరవం వచ్చు. “డెబ్బై ఐదు” అంది.

మా ప్రశ్నలన్నింటికీ ఆమె ఓపిగ్గా జవాబు చెప్పింది. మామూలుగా మనం మాట్లాడుకునే మాట అరవై డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఈ బిడ్డకు డెబ్బై ఐదు దాటితే గానీ వినపడదు. పలకలు, టపాకాయలు, గుడి గంట వంద దాకా పోతాయి, అవి వినపడతాయి. అమ్మ పిలుపు వినపడదు. జోల వినపడదు. ఒకవేళ ఎవరైనా చెవి దగ్గర అరిచినా అ, ఆ లాంటి బలమైన అచ్చులు ఏవో అందుతాయి గానీ స, త, ప, క లాంటి పలచటి హల్లులు అందవు. అలా వినేదాన్ని మాట అనలేం, చప్పుడు అనాలి. ఆ రోజు నుంచీ నేను ఏ తల్లినీ “బిడ్డకి వినపడుతుందా” అని అడగడం మానేశాను. ఏం వినపడుతుంది, ఎంత దూరం నుంచి, వెనక నుంచి పిలిస్తే తిరుగుతుందా అని అడుగుతాను.

వెంటనే చెవి మిషన్లు పెట్టాలని ఆడియాలజిస్టు అంటే, ఎందుకింత తొందర అని పాప తండ్రి, మా మామ, అడిగాడు. చెవి నత్తగుల్ల కడుపులో ఉండగానే తయారవుతుందని, ఆరో నెల నుంచే బిడ్డ బయటి చప్పుళ్లకు కదులుతుందని ఆమె చెప్పింది. పుట్టే బిడ్డ అప్పటికే కొన్ని నెలల పాటు తల్లి గొంతు విని వస్తుంది. పుట్టాక మొదటి ఏడాదంతా నోట మాట లేకపోయినా మెదడు భాషను ఏరుకుంటూనే ఉంటుంది. ఇది ఎంత నిజమో తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఇళ్ల పసిబిడ్డలకు హిందీలోని త, ట వినిపించారు. ఆరు, ఏడు నెలల పిల్లలు ఆ రెండింటి తేడా పట్టేశారు. ఏడాది నిండేసరికి అదే ఇళ్ల పిల్లలు పట్టలేకపోయారు. ఇంట్లో వినపడని తేడాను మెదడు వదిలేసింది. మన పిల్లలకు తాత వేరు, టాటా వేరు అని తెలిసేది బళ్లో కాదు, ఉయ్యాల్లో. అలాంటి ఏడాదిలో మా పాపకు దాదాపు ఏమీ అందలేదు.

అందుకే ఇప్పుడు నెల లోపల పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల మిషన్లు, శిక్షణ మొదలు కావాలంటారు. 1998లో అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం ఆరు నెలల లోపు చెవుడు తెలిసిన పిల్లలకు, ఆ తర్వాత తెలిసిన పిల్లలకు భాషలో ఎంత తేడా ఉందో చూపించాక ఈ మాటకు బలం వచ్చింది. ప్రతి వెయ్యి మంది పసికందుల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఇలా పుడతారు.

మా అవ్వ అడిగిన ప్రశ్న ఇంకా బరువైనది. మామ మా అమ్మ తమ్ముడు. మాకు మేనమామ. పిల్లను బయటికి ఇవ్వకూడదని పట్టుబట్టి చెల్లెలిని మామకిచ్చి పెళ్లి చేసింది అవ్వే. ఇంటికి వచ్చిన రాత్రి అరుగు మీద కూర్చుని, “నేను కలిపిన సంబంధం వల్లనేనా బిడ్డకి ఇట్లా అయింది?” అంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ మాకు అప్పటికే కాగితం మీద గీసి చూపించింది. కొన్ని చెవుళ్లు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడైన జన్యువులు కలవాలి. ఒక్కటే ఉన్నవాళ్లకు చెవులు భేషుగ్గా ఉంటాయి, తమలో అది ఉన్నట్టు కూడా తెలియదు. ఒకే రక్తంలో పెళ్లి జరిగితే ఆ ఒక్కటి ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. అలాంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికం అయిన ఇళ్లల్లో ఎక్కువ మంది పిల్లలు బాగానే ఉంటారు, ఏ వరసా లేని ఇళ్లల్లో కూడా చెవిటి పిల్లలు పుడతారు. ఇదంతా అవ్వకు చెప్పాను. అవ్వ విన్నది. కానీ ఆ తర్వాత మా ఇంట్లో మేనరికం మాట ఎత్తిన వాళ్లను నోరు మూయించేది మాత్రం అవ్వే.

ఆ ఏడు బెంగుళూరా మామిడికాయలు గుజ్జు ఫ్యాక్టరీకి తోలిన డబ్బుతో మామ రెండు చెవి మిషన్లు కొన్నాడు. ముందు చెవిలోకి మెత్తటి గులాబీ రంగు ముద్ద ఎక్కించి, అది గట్టిపడ్డాక తీసి, ఆ ఆకారానికి అచ్చు చేశారు. పసిబిడ్డల చెవి త్వరగా పెరుగుతుంది, అచ్చు వదులవుతుంది. వదులైతే మిషన్ కూ మని ఈల వేస్తుంది. పాపేమో చేతికందితే పీకి నోట్లో పెట్టుకునేది. చెల్లెలు వాటికి దారం కట్టి గౌనుకు పిన్నీసు పెట్టేది. రోజుకు పదిసార్లు పీకితే పదిసార్లు పెట్టేది. మేలుకుని ఉన్న ప్రతి గంటా మిషన్ చెవిలో ఉండాలి, లేకపోతే ఆ గంట వినికిడి పోయినట్టేనని చెప్పి పంపారు మరి.

మిషన్ పెట్టగానే మాటలు రావు. ఈ మాట మాకు ముందే చెప్పారు కాబట్టి బతికిపోయాం. మిషన్ పెట్టిన రోజు నుంచి వినికిడి వయసు మొదలవుతుంది. మా పాపకు ఒళ్లు ఏడాది, చెవులు సున్నా. శిక్షణ కోసం చెల్లెలు బిడ్డతో తిరుపతిలో ఉండిపోయింది. తిరుమల తిరుపతి దేవస్థానం అప్పటికే అక్కడ శ్రవణం అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. బడి ఈడు రాని చెవిటి పిల్లలకు తల్లులతో పాటు శిక్షణ ఇస్తారు. ఏడుకొండల కింద అలాంటి చోటు ఒకటుందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

సెలవు దొరికినప్పుడల్లా నేను పోయేదాన్ని. పొద్దున్నే మొదటి పని ఆరు ధ్వనులు. చెల్లెలు పాప వెనక కూర్చుని మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ అని ఒక్కొక్కటీ పలికేది. డేనియల్ లింగ్ అనే ఆయన ఏర్చి పెట్టినవట అవి. మాటలో ఉండే మందపు ధ్వనుల నుంచి సన్న ధ్వనుల దాకా ఆ ఆరింటిలో వచ్చేస్తాయి. విన్నప్పుడల్లా పాప ఒక ప్లాస్టిక్ రింగును డబ్బాలో వేయాలి. మ్ అంటే వేసేది. ఆ అంటే వేసేది. స్ దగ్గర రింగు చెంపకు ఆనించుకుని ఎదురుచూస్తూ ఉండిపోయేది. మిషన్ మళ్లీ సరిచేసి, అచ్చు మార్చాక ఒక పొద్దున స్ అనగానే రింగు డబ్బాలో పడింది. చెల్లెలు ఇంకోసారి అంది. ఇంకొకటి పడింది.

మిగతాదంతా ఇంటి పనే. అంతకు ముందు చెల్లెలు అసలు మాట్లాడే మనిషి కాదు. ఇప్పుడు నోటికి తాళం లేదు. “చెనక్కాయలు ఒలుస్తామా? ఒలుస్తా ఉండా. టప్! పగిలింది. నీకొకటి. నాకొకటి. పొట్టు ఊదు. ఊఫ్! పొట్టు యాడికి పోయింది?” బిడ్డ పెదవులు చూసి నెట్టుకురాకుండా, చెవితోనే పట్టుకోవాలని కొన్నిసార్లు పక్కన కూర్చుని, పాప చూపు గింజల మీద ఉండగా మాట్లాడేది. ఒకే మాటను అన్నం దగ్గరా, స్నానం దగ్గరా, వీధిలోనూ, వేర్వేరు వాక్యాల్లో పెట్టి వినిపించేది. జవాబు వచ్చినా రాకపోయినా ఆగి, బిడ్డ వంతు వదిలేది. మన అవ్వలు పసిబిడ్డలతో సాగదీసి, రాగం తీసి, ఒకే మాట పదిసార్లు అనే తీరు ఉంది చూడండి, అక్కడ నేర్పేది కూడా దాదాపు అదే. అవ్వ వచ్చినప్పుడు ఆ పని అందరికంటే బాగా చేసేది.

ఒక బంధువు, ఇంట్లో తెలుగు, అరవం రెండూ మాట్లాడబట్టే బిడ్డ తికమకపడిందన్నాడు. చిత్తూరులో ఈ మాట చాలామంది నమ్ముతారు. రెండు భాషలు వినడం వల్ల చెవుడు రాదు, మాటలు ఆగిపోవు. సరిహద్దు పల్లెల్లో రెండు భాషలూ గలగలా మాట్లాడే పిల్లలు వీధికి పదిమంది ఉన్నారు.

అక్కడే మాకు పరిచయమైన ఒక బాబుకు మిషన్లు చాలలేదు. వాడికి నత్తగుల్లలో కణాలు అసలు పనిచేయవు, ఎంత పెంచి వినిపించినా లాభం లేదు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసి లోపలికి సన్నటి తీగ పంపారు. అది ఆ కణాలను దాటుకుని నేరుగా నరానికి సంకేతం ఇస్తుంది. బయట చెవి వెనక ఒక పరికరం, తలకు అయస్కాంతంతో అతుక్కునే బిళ్ల. ఆపరేషన్ అయ్యాక కూడా వాళ్లమ్మ మా చెల్లెలి లాగే మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆపరేషన్‌తో పని అయిపోయిందని ఇంటికి పోయి కూర్చున్నవాళ్ల పిల్లలకు మాటలు రాకపోవడం ఆమె చూసిందట.

పాప నోట మొదటి మాట కోసం మేం అమ్మ, నాన్న, బువ్వ అని ఎన్ని నేర్పామో. నాకైతే పెద్దమ్మ అనిపించాలని ఆశ. రెండో పుట్టినరోజు ఇంకా రాలేదు. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. పాప లోపల ఆడుకుంటోంది, తలెత్తింది, “అక్కా” అంది. ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. వాళ్లమ్మ నన్ను పిలిచే పిలుపు అది. తనతో అనని మాటను, పక్కన ఇద్దరు మాట్లాడుకుంటుంటే పట్టుకుంది. వినే పిల్లలు భాషలో ఎక్కువ భాగం నేర్చుకునేది ఇలాగే, ఎవరూ నేర్పకుండా. ఆ సంగతి విని ఆడియాలజిస్టు కుర్చీలోంచి లేచింది. ఇప్పటికీ పాప నన్ను అక్కా అనే పిలుస్తుంది, మేం దిద్దలేదు.

తర్వాత చెల్లెలికి ఇంకొక బిడ్డ. నాలుగింట ఒక వంతు అన్న లెక్క ఆ తొమ్మిది నెలలూ మా ఇంట్లోనే తిరిగింది. పుట్టిన మర్నాడే పరీక్ష చేస్తే ఒక చెవి పాస్, ఒక చెవి రిఫర్ అని వచ్చింది. చెల్లెలు గోడ వైపు తిరిగి పడుకుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవి రంధ్రంలో ఉమ్మనీరు, తెల్లటి మడ్డి ఉండి అలా రావడం మామూలేనని, అందుకే మళ్లీ చేస్తారని నర్సు చెప్పింది. మళ్లీ చేసినప్పుడు రెండు చెవులూ పాస్. మామ ఆసుపత్రి వరండాలో ఉన్నవాళ్లందరికీ మైసూరుపాకు పంచాడు.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బండి ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తోంది. ఆ డాక్టర్లు చెవులు కూడా చూస్తారు. మధ్యలో నెలలు గడుస్తాయి కాబట్టి నా పరీక్ష నేను చేస్తూనే ఉంటాను. బరువు తూచే రోజు బిడ్డ వెనక చేరి గ్లాసు మెల్లిగా తడతాను, పేరు పెట్టి పిలుస్తాను. ఏడాదికి ఒక మాటైనా రాకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోతే, వచ్చిన మాటలు పోతే పంపేస్తాను. చెవిలో కాచిన నూనె పోయొద్దని, చీము కారుతుంటే ఇంటి మందులు వేయొద్దని చెప్తూనే ఉంటాను. ఇది మా ఊళ్లో ఇంకా పూర్తిగా మానలేదు.

ఈమధ్య ఒక బాబు నా పిలుపుకు తిరగలేదు. జలుబు చేసి చాలా రోజులైంది. వాళ్లమ్మను తిరుపతి రుయా ఆసుపత్రికి పొమ్మంటే, “వేరుశనగ పీకే కాలం టీచర్, కూలోళ్లు దొరకరు” అంది. వాళ్లత్తను కూర్చోబెట్టి మాట్లాడాను. మర్నాడు పొద్దున బస్సుకు పోయారు. కర్ణభేరి వెనక నీరు చేరిందట, నరానికి ఏమీ కాలేదట. తగ్గిందో లేదో చూడడానికి మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. ఆ తేదీ నా రిజిస్టరులో వాడి పేరు పక్కన రాసుకున్నాను. అది సంక్రాంతి పనుల్లో పడుతుంది, వారం ముందే వాళ్లింటికి పోయి చెప్పాలి.